ఫిబ్రవరి ఇరవై ఎనిమిది

హిందూపురం,
మార్చి 4.

ప్రేమగల అత్తమ్మకు,

మీ చెవుల సంగతి తెలుసు కాబట్టి ఫోను చేయలేదు. పోయినసారి నేను “జ్వరం తగ్గిందా అత్తమ్మా” అంటే మీరు “ఆఁ, జొన్నలు తెచ్చినారు” అన్నారు. షారోన్ ఇప్పటికీ ఆ మాట తలచుకుని నవ్వుతుంది. ఉత్తరమైతే మీరు అద్దాలు పెట్టుకుని, బైబిలు మీద పరిచి, మళ్లీ మళ్లీ చదువుకుంటారు. దీన్ని మాత్రం ఒక్కసారి చదివితే చాలు. ఇది నవ్వించే ఉత్తరం కాదు.

ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం దయాకర్ బావ వచ్చాడు. ప్రతి ఏడూ ఆ రోజు ఎవరో ఒకరు మా ఇంటికి వస్తారు, ఎందుకు వచ్చారో చెప్పకుండా కాసేపు కూర్చుని పోతారు. బావ కూడా అలాగే వచ్చాడనుకున్నాను. కాఫీ గ్లాసు పట్టుకుని తాగకుండా చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత నేలకేసి చూస్తూ అన్నాడు.

“ఉషా, అమ్మ ఒక మాట చెప్పి రమ్మనింది. నాయన సమాధి పక్కన తమ్ముడు ప్రసన్నకు కూడా ఒక రాయి పెట్టించల్లంట. ధర్మవరంలో సుంకప్ప అని రాళ్లు కొట్టేటాయనతో మాట్లాడినా. పేరూ పుట్టిన తేదీ ఇచ్చినా. రెండో తేదీ అడుగుతాండాడు. ఈ దినమే వేయిద్దామా?”

“రెండో తేదీ అంటే ఏంది బావా?” అన్నాను.

“నువ్వట్ల అడిగితే నేనేం చెప్పేది?” అని బావ లేచి వెళ్లిపోయాడు. కాఫీ అలాగే ఉంది.

అత్తమ్మా, ఎనిమిదేళ్ల కిందట ఆ రోజు ఏం జరిగిందో నేను పోలీసులకు చెప్పాను, పాస్టరుగారికి చెప్పాను, బెంగళూరులో ఎవరెవరికో చెప్పాను. మీకు మాత్రం పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. మీరు అడగలేదు. అడిగితే నేను ఏడుస్తానని మీకు భయం, చెబితే మీరు ఏడుస్తారని నాకు భయం.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిది అంటే బడుల్లో సైన్సు దినం. సర్ సి.వి. రామన్ తాను కనిపెట్టింది లోకానికి చెప్పిన రోజు. మా పెనుకొండ బడిలో పిల్లలతో ప్రదర్శన పెట్టించే పని నాది. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో చూపిద్దామని గాజు తొట్టిలో నీళ్లు పోసి, రెండు చుక్కల పాలు కలిపి, ఒక పక్క నుంచి బల్బు వేసే ఏర్పాటు అనుకున్నాను. నాకు వైర్లంటే భయం కదా, మీ కొడుకే చెక్కపెట్టె చేసి, బల్బు బిగించి, స్విచ్చి పెట్టి ఇచ్చాడు. పొద్దున ఉప్మా తిని, షారోన్‌ను మేడమీద ఇంటి యజమానురాలు నాగేంద్రమ్మ చేతికిచ్చి, ఇద్దరం స్టేషనుకు నడిచాం. నేను పెనుకొండ వైపు, ఆయన బెంగళూరు వైపు. కంపెనీలో ఏదో మోటారు పార్టు కాలిపోతే తేవడానికి పోతున్నాడు. నా బండి ముందు వచ్చింది. పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆయన కిటికీ ఊచ పట్టుకుని, “స్విచ్చి నొక్కినాక ఒక నిమిషం ఆగు. తొందరపడి కదిలించొద్దు. సాయంత్రం వచ్చి వింటా, నీ ఆకాశం నీలంగా అయిందో లేదో” అన్నాడు. బండి కదిలాక చేయి ఊపి, పట్టాలు దాటి అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లాడు. బెంగళూరు స్టేషన్లో దిగి జనంలో కలిసిపోవడం కెమెరాలో కనిపించింది. ఆ తర్వాత ఏ కెమెరాలోనూ లేడు.

ఆ రోజు తొట్టి నీలంగా అయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ మాట ఆయనకు చెప్పాలని ఇంటికి వచ్చాను. ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు మీరు ఆ తేదీనే రాతి మీద కొట్టించమంటున్నారు. ఆ రోజు ఆయన ఉప్మాలో మిరపకాయ ఏరి పక్కన పెట్టాడు. ఆ రోజు షారోన్ బుగ్గ కొరికి ఏడిపించాడు. ఆయన బతికి ఉండగా నా కళ్లతో నేను చూసిన చివరి రోజును చచ్చిపోయిన రోజని ఎలా రాయించమంటారు?

మా బడిలో ప్రార్థన అయ్యాక ‘ఈ రోజు విశేషాలు’ చదివిస్తాం. ఆ తేదీన ఏం జరిగింది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అని. రాసిచ్చేది నేనే. ఈసారి షారోన్ నా పక్కన కూర్చుని దాన్ని మంచి అక్షరాలతో ఎత్తి రాసింది. సంఘటనలు కింద రామన్‌గారిది. జననాలు కింద రెండుసార్లు నోబెల్ బహుమతి అందుకున్న లైనస్ పాలింగ్ పేరు. మరణాలు కింద మన మొదటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ పేరు. రాసి, పెన్ను పైకెత్తి, “అమ్మా, మా నాయన పోయింది కూడా ఈ పొద్దే కదా. దేని కింద రాయల్ల?” అంది. మామూలుగా, లెక్క అడిగినట్టు అడిగింది. నా ముఖం చూసి, “సంఘటనలు కిందే వస్తుందిలే” అని తనే చెప్పుకుని, ఏమీ రాయకుండా కాగితం మడిచి నా సంచిలో పెట్టింది.

అత్తమ్మా, నాకు బాధ రాయి గురించి కాదు. లోకంలో అందరూ ఆయన లేడనే అంటారు. మా అమ్మ అంటుంది, లాయరు అంటాడు, చర్చిలో ప్రార్థన చేసేవాళ్లు కూడా ఆయన పేరు ఎత్తేటప్పుడు గొంతు మార్చుకుంటారు. కానీ తాడిమర్రిలో ఒక మనిషి ఉంది, ఆమె నాలాగే నమ్ముతుంది అనుకుని ఇన్నాళ్లూ బతికాను. క్రిస్మస్‌కు ఇద్దరు కొడుకులకూ మీరు చొక్కా గుడ్డ తీస్తారు. బావది బావకిస్తారు. రెండోది పెట్టెలో పెడతారు. నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. మనం ఎప్పుడూ పైకి అనుకోని మాట అది. ఇప్పుడు మీరే రాయి పెట్టించమన్నారని విన్నాక ఈ ఎదురుచూపులో నేను ఒంటరినైపోయాను.

రాయి పెట్టించుకుంటే పెట్టించుకోండి. మీ కొడుకు, మీ హక్కు. ఆ రోజు నేను తాడిమర్రికి రాను, షారోన్‌ను పంపను. ఇంకొకటి కూడా చెబుతున్నాను. నాకు హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. తీసుకుంటే బత్తలపల్లి వైపు పోవాలి, ఈ ఇల్లు ఖాళీ చేయాలి. రెండుసార్లు వద్దని రాసిచ్చాను. ఈసారి కూడా ఇస్తాను. ఆయనకు తెలిసిన వాకిలి ఇదొక్కటే. దీన్ని వదిలి నేను ఎక్కడికీ రాను.

కోపంలో రాశాను. చించి మళ్లీ రాద్దామంటే మనసు రాలేదు.

మీ కోడలు,
ఉషారాణి


తాడిమర్రి,
మార్చి 16.

నా బిడ్డ ఉషమ్మకు,

నీ ఉత్తరం అందింది. ఒక్కసారి చదవమన్నావు. ఎన్నిసార్లు చదివినానో దేవునికి తెలుసు. నాకు నీ మాదిరి పుస్తకం తెలుగు రాదు. నోటితో మాట్లాడేదే చేత్తో రాస్తాండా. తప్పులుంటే దిద్దుకో, టీచరమ్మవు కదా.

మొదట ఒక మాట విను. నా కొడుకు పోయినాడని నేను ఏ దినమూ అనుకోలేదు. వాడు ఉండాడు. యాడుండాడో తెలీదు. ఏ ఊర్లోనో, ఏ ఆసుపత్రి మంచం మీదనో, పేరు మర్చిపోయి ఏ హోటల్లో గ్లాసులు కడుగుతాండాడో. మీ మామ చేన్లో పడిపోయినప్పుడు, కబురు ఇంటికి రాకముందే నా చేతిలో చేట జారి బియ్యమంతా నేలపాలయినాయి. వీని విషయంలో నా చేయి ఏ పొద్దూ వణకలేదు. చొక్కా గుడ్డ నువ్వు చూసినావా? చూస్తే చూసినావులే. ఈ క్రిస్మస్‌కు కూడా తీస్తా.

మరి రాయి ఎందుకని అడుగుతావు. అది నీకోసం పాపా.

మీ బడి సారొకాయన దయాకరుకు ధర్మవరంలో కనపడి చెప్పినాడంట. “మీ మరదలు పెద్ద ఉద్యోగం రెండు తూర్లు వద్దనిందప్పా, ఎందుకో తెలీదు” అని. దయాకరు వచ్చి నాకు చెప్పినాడు. ఎందుకు వద్దన్నావో ఆ సారుకు తెలీకపోతే నాకు తెలీదా? వాకిలి కాడ కూర్చున్నావు. నేనూ కూర్చున్నా. కానీ నాది అయిపోయిన బతుకు. పొద్దుగూకులూ కూర్చున్నా నష్టం లేదు. నీకు నలభై కూడా నిండలేదు. నువ్వు ఆ వాకిట్లో తల నెరిసిపోతే ఆ పాపం నా కొడుకుది, నాది.

అందుకని అనుకున్నా. లాయరు చెప్తే వినదు, వాళ్లమ్మ చెప్తే వినదు, నేను చెప్తే వింటాది. కన్నతల్లే పోయినాడనింటే, రాతి మీద కొట్టిస్తే, కొన్నాళ్లు ఏడ్చి లేస్తాది అనుకున్నా. బతికుండే కొడుక్కు రాయి పెట్టమనే తల్లి యాడన్నా ఉంటాదా? నేను చెప్పినా. చెప్పినాక ఆ దినం నాకు కూడు దిగలేదు. దయాకరు “ఏమ్మా, నిజంగానే చెప్తాండావా?” అని రెండు తూర్లు అడిగినాడు. తలకాయ ఊపినా.

నువ్వు ఇంకో మనువు చేసుకుంటానన్నా నాకు కోపం లేదు. చర్చిలో ముందు వరసలో నేనే కూర్చుంటా. ఎవరన్నా ఏమన్నా అంటే నాకు వినపడదు కదా, అదొక మేలు.

ఇప్పుడు తేదీ సంగతి. నువ్వు ఆ ఇరవై ఎనిమిదో తేదీని పగదాన్ని చూసినట్ల చూస్తాండావు. నా సంగతి చెప్తా విను. గాంధీ తాతను చంపినారని మా ఊరికి కబురొచ్చిన దినమే నేను పుట్టినానంట. ఊర్లో ఎవురూ పొయ్యి వెలిగించలేదంట. బాలింతకు గంజి కాచే దిక్కు లేకపోతే మా అవ్వ దొంగతనంగా గోడ పక్కన మూడు రాళ్లు పెట్టి కాచిందంట. ఊరంతా ఏడుస్తాంటే మా అమ్మ ఒక్కతే నన్ను చూసి నవ్వుతాండిందంట. అది తలచుకుని ఆమె పోయేదాకా సిగ్గుపడేది. ఆధార్ కార్డు వాళ్లకు ఇదంతా చెప్తే ఆ పిల్ల వినిపించుకోలేదు. జనవరి ఒకటి అని కొట్టింది. మా వీధిలో ముసలోళ్లంతా జనవరి ఒకటో తేదీ పుట్టినోళ్లమే. ఒక్క దినం ఎంతమందినని కనిందో చూడు.

దినానిదేముంది పాపా. ఎవరో ఒకరు పుడతాంటారు, ఎవరో ఒకరు పోతాంటారు, ఎవరో పొయ్యి వెలిగిస్తాంటారు. నువ్వు మాత్రం ఆ పొద్దు మీ పిల్లోళ్లు ఆకాశం చేసుకుంటాంటే పక్కకు తిరిగి నిలబడతావంట. షారోను చెప్పింది నాకు. వాడు చేసిచ్చిన పెట్టె కదా అది. వాడుంటే ముందు నిలబడి చూసేవాడు. నువ్వు చూడవా?

రాయి వద్దంటే వద్దు. దయాకరుకు చెప్పేసినా. చెప్పినాక కూడు దిగింది. కానీ ఒకటి అడుగుతా, కాదనొద్దు. నువ్వొక్కదానివే కూర్చోవద్దు. ఆ ఉద్యోగం తీసుకో. యాడ ఇల్లు తీసుకుంటే ఆడికి నేను వస్తా. ఇద్దరం ఒక్క వాకిట్లోనే కూర్చుందాం. వాడు మొదట యాడికి వస్తాడంటావా? ఏ వాకిలికొచ్చినా మనం యాడుండామో చెప్పేదానికి నోరుండే మనిషొకరు ఉంటే చాలదా? నాగేంద్రమ్మకు లేని నోరు ఈ జిల్లాలో ఎవరికుండాది?

వచ్చే ఆదివారం రా. కొర్రన్నం చేస్తా.

మీ అత్త,
శాంతమ్మ


హిందూపురం,
జూన్ 8.

ఏమండీ,

మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పెళ్లికి ముందు రాయాల్సిన అవసరం రాలేదు, తర్వాత ఒక ఇంట్లోనే ఉన్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలియక పొద్దుటి నుంచి రెండు కాగితాలు పాడుచేశాను.

ఈ రోజు ఇల్లు ఖాళీ చేస్తున్నాం. సామాను బండి వాకిట్లో ఉంది. దయాకర్ బావ మంచాలు విప్పిస్తున్నాడు. ఇది మీ చేతికి వచ్చిందంటే మీరు ఈ వాకిలికే వచ్చారన్నమాట, నాగేంద్రమ్మ దీన్ని మీకిచ్చి, ముందు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి ఉంటుందన్నమాట. ఆమెకు ఉత్తరం ఇస్తూ జాగ్రత్త చెప్పబోతే కసురుకుంది. “ఏమ్మా టీచరమ్మా, ఆయప్ప వస్తే గుర్తుపట్టనా నేను? గడ్డం పెంచినా, గుండు కొట్టుకున్నా, నడక చూసి చెప్తా. నా దేవుడి గూట్లో పెడతాండా, పో” అంది. అన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ధర్మవరంలో ఇల్లు తీసుకున్నాను. ప్రమోషన్ తీసుకున్నాను, బత్తలపల్లి దగ్గర బడి. మీ అమ్మ నాతోనే ఉంటుంది. ఎలా ఒప్పించానని మీరు ఆశ్చర్యపోతారు. ఒప్పించింది నేను కాదు, ఆమే. మార్చిలో ఆమె రాసిన ఉత్తరం చదివి ఆదివారం దాకా ఆగలేక మర్నాడే తాడిమర్రి వెళ్లాను. మీ అమ్మ గడపలో కూర్చుని చింతపండు ఒలుస్తోంది. నేను వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టాను. ఏడ్చి ఏడ్చి లేచాక నా జుట్టంతా చింతపండే. ఆమె చూసి నవ్వింది. మీరు వెళ్లాక ఆమె అలా నవ్వగా నేను చూడలేదు.

మీకోసం ఒక రాయి కొట్టించాలనుకున్నారు. ఎందుకో మీ అమ్మే మీకు చెబుతుంది, నేను చెప్పను. వద్దని చెప్పడానికి ఆమెను తీసుకుని ధర్మవరంలో ఆ సుంకప్ప దగ్గరికి పోయాను. నల్లరాయి నున్నగా చేసి గోడకు ఆనించి ఉంది. ఇంకా ఒక్క అక్షరం కూడా పడలేదు. తేదీ పూర్తిగా తెలిస్తేనే మొదలుపెడతాడట.

“ఏమవ్వా, రాయి వద్దంటాండారంట?” అన్నాడు, చెవి దగ్గరికి వచ్చి గట్టిగా.

“మనిషి ఉండాడప్పా” అంది మీ అమ్మ.

ఆయన మా ఇద్దరి ముఖాలూ చూశాడు. “ఉంటే మంచిదే కదవ్వా. రాయి యాడికి పోతాది, ఇంకెవరికన్నా వస్తాది” అని మాకు టీ తెప్పించాడు. మీ అమ్మ ఆ రాయి మీద అరచేయి పెట్టి, చల్లగా ఉందని చెప్పి, కొంగుతో చేయి తుడుచుకుంది. నేను మాత్రం ఆ రాతి మీద ఒక మనిషి పేరు లేకపోవడాన్ని అంతసేపూ చూస్తూ నిలబడ్డాను.

ఏప్రిల్లో, బడి మూసేముందు, మీరు చేసిన చెక్కపెట్టె బయటికి తీయించాను. సైన్సు దినం కాదు, ఏమీ కాదు, ఊరికే ఒక మధ్యాహ్నం. ఏడో తరగతి వాళ్లను పిలిచి కిటికీలు మూయించాను. మీ బల్బు ఇంకా వెలుగుతోంది. స్విచ్చి నొక్కి, కదిలించకుండా, నేనే ముందు నిలబడి చూశాను. పక్క నుంచి చూస్తే నీలం. తొట్టికి అవతల, బల్బుకు ఎదురుగా నిలబడి చూస్తే పొద్దు వాలేటప్పటి ఎరుపు. ఇన్నేళ్లూ పిల్లలకు చెబుతున్నాను కానీ ఎదురుగా వెళ్లి నేను చూడలేదు. ఒకే దీపం అండీ. ఆ రోజు సాయంత్రం మీకు చెప్పాలనుకున్నది ఇదే. నీలంగా అయింది. బాగా అయింది.

ఇప్పుడు రాయడానికి కష్టంగా ఉన్న మాట రాస్తాను. మీ దగ్గర దాచను. ఇన్నాళ్లూ స్టేషన్లో మీ బండి వేళకు నిలబడని రోజు లేదు. మనకు తెలియని ఊళ్లల్లో, చెప్పకూడని చోట్ల, బావతో కలిసి తెల్లగుడ్డలు ఎత్తి ముఖాలు చూశాను. ప్రతిసారీ మీరు కానందుకు దేవుణ్ణి స్తుతించి, ఆ చనిపోయినవాడి భార్య ఎక్కడుందో అని బయటికొచ్చి ఏడ్చేదాన్ని. ఇక నేను స్టేషన్లో నిలబడను. పొద్దున లేవగానే మొదట మీరు గుర్తుకొస్తారు, అది మారదు. కానీ రేపటి నుంచి రెండో తలపుగా బడి రావాలనుకుంటున్నాను, షారోన్ రావాలనుకుంటున్నాను. మీరు రావడం ఇంకా చాలా ఆలస్యమైతే అప్పటికి నేను ఎలా ఉంటానో, నా జీవితంలో ఎవరుంటారో నాకు తెలియదు. మీ అమ్మ నాకు ఆ స్వేచ్ఛ ఇచ్చింది. వాడుకుంటానని చెప్పలేను, వాడుకోనని మాట ఇవ్వలేను. మీరు నా మీద కోపగించుకునే మనిషి కాదని తెలిసే రాస్తున్నాను. ఏం జరిగినా మీకు ఇల్లుంటుంది. అది మీ అమ్మ ఇల్లు, మీ కూతురి ఇల్లు. ఆ మాట మాత్రం ఇవ్వగలను.

ఎందుకు రాలేకపోయారని నేను అడగను. మీరు చెప్పాలనుకుంటే చెప్పండి.

ధర్మవరం స్టేషన్లో దిగి బయటికి రండి. మగ్గాల చప్పుడు వినిపించే వీధి ఒకటుంటుంది, మార్కెట్టు దాటాక ఎడమవైపు. అక్కడ ఎవరినడిగినా చెబుతారు, కొత్త హెడ్‌మిస్ట్రెస్ ఇల్లని. ఆకుపచ్చ తలుపు. పగలైతే మీ అమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంటుంది. ముందు ఆమె చేతులు పట్టుకోండి. షారోన్ మిమ్మల్ని గుర్తుపట్టదు. రెండేళ్ల పిల్లప్పుడు చూసింది కదా, బాధపడకండి. పేరు చెప్పండి, నవ్వండి. అది చాలా ప్రశ్నలు వేస్తుంది, తెలిసినవాటికి జవాబు చెప్పండి. కాళ్లు కడుక్కోండి. పెట్టెలో మీ చొక్కా గుడ్డలున్నాయి, మీ అమ్మను అడిగి చూడండి. అన్నం తినండి.

నేను బడి నుంచి సాయంత్రానికి వచ్చేస్తాను.

మీ
ఉష